కంట్రోల్ సీరంలో సెరులోప్లాస్మిన్ సున్నా, మనుషుల సీరంలో మామూలుగానే ఉంది. ఏమై ఉంటుంది?

అమలాపురం ల్యాబ్ కుర్రాడు:

అందరికీ నమస్కారమండి. అమలాపురంలో చిన్న డయాగ్నొస్టిక్ ల్యాబులో టెక్నీషియన్‌గా చేస్తున్నాను. మా వీధిలోనే ఉన్న పిల్లల డాక్టరుగారు ఈమధ్య సెరులోప్లాస్మిన్ (రక్తంలో రాగి ఉండే ప్రోటీన్) టెస్టు తరచుగా రాస్తున్నారు. కామెర్లు తగ్గి మళ్ళీ వచ్చిన పిల్లలు, రాసేటప్పుడు చెయ్యి వణుకుతోందని వచ్చే హైస్కూలు పిల్లలు, ఇలాంటివాళ్ళకి ఒంట్లో రాగి పేరుకుపోయే విల్సన్ వ్యాధి ఉందో లేదో తేల్చుకోవాలంటారు. ఇప్పటిదాకా శాంపిల్ హైదరాబాద్ పంపుతున్నాం. రిపోర్టు వచ్చేలోపు ఆ తల్లిదండ్రులు లంకల్లోంచి పడవ దిగి, ఆటో ఎక్కి, ఒకటికి రెండుసార్లు మా కౌంటర్ దగ్గరకొచ్చి అడిగి వెళ్తుంటారు. అందుకని పాత పీపీడీ పద్ధతి ఇక్కడే పెడదామంటే ఓనరుగారు సరేనన్నారు.

నేను చేస్తున్నది ఇది. అసిటేట్ బఫర్ 2 మి.లీ., అందులో పారాఫినిలీన్ డైఅమీన్ (పీపీడీ అంటే ఇదే), సీరం 0.1 మి.లీ. 37 డిగ్రీల దగ్గర వాటర్‌బాత్‌లో పెట్టి, టైము అయ్యాక సోడియం అజైడ్ వేసి ఆపడం. బ్లాంక్ ట్యూబుకి మాత్రం అజైడ్ మొదట్లోనే వేస్తాను. పుస్తకంలో 530 నానోమీటర్లు అని ఉంది, మా సెమీ ఆటో మెషీన్‌లో ఆ ఫిల్టర్ లేదు, 546 పెట్టాను.

నా సీరం పెడితే చక్కగా ఊదారంగు వస్తోంది. మా ఓనరుగారి సీరానికీ వచ్చింది. టెస్టు సరిగ్గా వస్తోందో లేదో చూసుకోడానికి విలువ రాసి అమ్మే కంట్రోల్ సీరం పెడితే మాత్రం రంగే లేదు, బ్లాంక్‌కీ దానికీ తేడా కనపడట్లేదు. సీసాతో వచ్చిన కాగితంలో సెరులోప్లాస్మిన్ 27 అని వేశాడు. ఇంకో సీసా ఓపెన్ చేశాను, అదీ అంతే. ద్రవంగా వచ్చే కంట్రోలే, నీళ్ళు కలిపేది కాదు. ఎక్స్‌పైరీ ఇంకా చాలా ఉంది. కంట్రోల్ కుదరకుండా పేషెంటు రిపోర్టు మీద సంతకం పెట్టించలేను కదండి. ఎవరైనా చెప్తారా?

రాజమండ్రి రీఏజెంట్లు:

తమ్ముడూ, దారిలో ఎండకి పోయుంటది. ఏప్రిల్ మేలో మన బస్సు పార్శిళ్ళ సంగతి తెల్సిందేగా. డీలర్‌కి ఫోన్ కొట్టి మార్పించుకో.

కాకినాడ టీచరమ్మ:

ఎండకి పోతే నీళ్ళలా సున్నా రాదు, కాస్తయినా మిగులుతుంది. బాబూ, ముందు నీ సీసా మీద సన్నక్షరాలు చదువు. ద్రవంగా వచ్చే కంట్రోల్ అన్నావు కాబట్టి, బూజు పట్టకుండా ఏం కలిపాడో ఎక్కడో రాసి ఉంటాడు. చాలావాటిలో అది సోడియం అజైడే, 0.1 శాతం దరిదాపుల్లో ఉంటుంది. నువ్వు టెస్టు చివర ఆపడానికి వేసే మందు, వాడు సీసాలో ముందే వేసి పంపాడు. అంటే నీ కంట్రోల్ ట్యూబు పుట్టుకతోనే బ్లాంక్ ట్యూబు.

మరి కాగితంలో 27 అని ఎలా వేశాడంటావు. వాడిది అబద్ధం కాదు. వాడు కొలిచింది యాంటీబాడీతో. యాంటీబాడీ ప్రోటీన్ ఆకారాన్ని పట్టుకుంటుంది, ఆ ప్రోటీన్ పని చేస్తోందా లేదా అన్నది దానికి పట్టదు. నీ పీపీడీ పద్ధతి కొలిచేది పనిని, అంటే ఆ ప్రోటీన్ ఎంజైముగా పీపీడీని ఊదారంగుకి మార్చడాన్ని. 1961లో రావిన్ ప్రచురించిన పద్ధతికి చిన్నచిన్న మార్పులు చేసిందే నువ్వు వాడుతున్నది, నేను కాలేజీలో పిల్లలచేత చేయించిందీ అదే.

లెక్క కూడా చూడు. సోడియం అజైడ్ అణుభారం 65. లీటరుకి ఒక గ్రాము అంటే సుమారు 15 మిల్లీమోలార్. నీ ట్యూబులో 2.1 మి.లీ.లో 0.1 మి.లీ. వేశావు కాబట్టి ఇరవయ్యొకటో వంతుకి పలచబడి దాదాపు 700 మైక్రోమోలార్ మిగిలింది. ఈ ఎంజైమును కట్టేయడానికి అజైడ్ మైక్రోమోలార్ల లెక్కలోనే చాలు. నీ ట్యూబులో వందల రెట్లు ఎక్కువుంది. ఇంక రంగెక్కడిది?

అసలు అజైడ్ ఎక్కడ కూర్చుంటుందో తెలిస్తే మిగతావన్నీ నీకే తెలుస్తాయి, కాబట్టి కొంచెం ఓపిక పట్టి చదువు. సెరులోప్లాస్మిన్‌ని స్వీడన్‌లో హోల్మ్‌బర్గ్, లారెల్ అనేవాళ్ళు 1948లో రక్తంలోంచి వేరుచేశారు. 1046 అమైనో ఆమ్లాల పొడవైన గొలుసు, అందులో ఆరు రాగి అణువులు. మన ప్లాస్మాలో ఉండే రాగిలో ఎక్కువ భాగం దీంట్లోనే ఉంటుంది. అది నీలంగా ఉంటుంది, 610 నానోమీటర్ల దగ్గర వెలుగును పీల్చుకుంటుంది. గర్భనిరోధక మాత్రలు వేసుకునే ఆడవాళ్ళ ప్లాస్మా ఒక్కోసారి ఆకుపచ్చగా కనపడుతుంది చూశావా, బ్లడ్ బ్యాంకులో పనిచేసినవాళ్ళనడుగు. ఈస్ట్రోజెన్ వల్ల ఈ నీలి ప్రోటీన్ పెరిగి, ప్లాస్మా పసుపుతో కలిసి ఆ రంగు వస్తుంది.

ఆ ఆరు రాగి అణువుల్లో మూడు విడివిడిగా ఉంటాయి, నీలంరంగు వాటివల్లే. మిగతా మూడూ ఒకచోట గుంపుగా ఉంటాయి. ఇనుమైనా, నీ పీపీడీ అయినా ఎలక్ట్రాన్‌ని విడి రాగి వైపు ఇస్తుంది. అక్కణ్ణించి అది ప్రోటీన్ లోపలే నడిచి మూడు రాగుల గుంపు దగ్గరకి చేరుతుంది. అక్కడ కాచుకుని ఉన్న ఆక్సిజన్ నాలుగు ఎలక్ట్రాన్లు అందుకుని నీళ్ళయిపోతుంది. అజైడ్ వచ్చి కూర్చునేది ఆ గుంపులో, ఆక్సిజన్ కూర్చోవలసిన చోట. మన కాలవల మీద లాకులు ఎరుగుదువు కదా, చివరి లాకు తలుపు దించేస్తే ఎగువన కాలవ నిండుగానే ఉంటుంది, చేలోకి మాత్రం చుక్క దిగదు. ఇదీ అంతే. పైన పీపీడీ కావలసినంత ఉన్నా చివర ఆక్సిజన్‌కి దారి లేదు కాబట్టి మొత్తం ఆగిపోయింది.

రెండు సంగతులు చెప్పి ఆపుతాను. ఒకటి, శాంపిల్‌ని సెలైన్‌తో పలచన చేసే అలవాటుంటే ఈ టెస్టులో మానెయ్. నీ బఫర్‌లాంటి ఆమ్ల పీహెచ్ దగ్గర క్లోరైడ్ కూడా ఈ ఎంజైముకి అడ్డం పడుతుంది, అజైడ్ అంత కాదుగానీ రీడింగ్ తగ్గించడానికి చాలు. బఫర్‌తోనే పలచన చెయ్యి. రెండోది, నేను చెప్పానని నమ్మెయ్యకు. ఒక ట్యూబులో నీ సీరం 0.05, కంట్రోల్ 0.05 కలిపి పెట్టు. ఇంకో ట్యూబులో నీ సీరం 0.05, బఫర్ 0.05. కంట్రోల్‌లో ఎంజైము ఊరికే చచ్చిపోయి ఉంటే రెండు ట్యూబులూ ఒకేలా సగం రంగు చూపించాలి. అడ్డం పడేదేదో అందులో ఉంటే మొదటిది కూడా తెల్లబోతుంది. చేసి ఇక్కడ రాయి.

భీమవరం ప్లాంటు:

ఆయ్, టీచరుగారూ, మధ్యలో దూరుతున్నాను, ఏవీ అనుకోకండి. నేను రొయ్యల ప్రాసెసింగ్‌లో క్వాలిటీ చూస్తానండి. మీరు రాగి, నీలం అంటుంటే మా రొయ్య రక్తమే గుర్తొచ్చింది. దానిక్కూడా రాగే కదండి? పట్టుబడి రోజు చెరువు గట్టుమీదే టబ్బుల్లో ఐసు, మెటాబైసల్ఫైట్ పొడి (మేం మెటా అంటాం) కలిపి వెనామీ రొయ్యల్ని ముంచుతారు. ముంచకపోతే తెల్లారేసరికి తల దగ్గర నల్లబడిపోద్ది, కొనేవాడు రేటు కోసేస్తాడు. ఇదీ మీరు చెప్పిన అజైడ్ బాపతేనా? అదే అయితే మెటా బదులు అది ఓ చిటికెడు వేస్తే సరిపోద్ది కదా అని మా సూపర్‌వైజరు అప్పుడే లెక్కలేస్తున్నాడు.

కాకినాడ టీచరమ్మ:

మీ సూపర్‌వైజరుగారికి ముందు చెప్పండి, అజైడ్ మనిషికి విషం. మన కణాల్లో ఊపిరి తీసుకునే ఎంజైము, సైటోక్రోమ్ ఆక్సిడేజ్, దాంట్లోనూ రాగి ఉంది, హీమ్ ఇనుమూ ఉంది. అజైడ్ దాన్నీ కట్టేస్తుంది. తిండి దరిదాపులకి తేకూడదు. లెక్కలు ఆపమనండి.

మీరు అడిగింది మంచి ప్రశ్న. రొయ్య రక్తంలో రాగి ఉన్నవి రెండున్నాయి, వాటిని కలిపెయ్యకండి. ఒకటి హీమోసయనిన్. అది ఆక్సిజన్ మోసేది, మన హీమోగ్లోబిన్ చేసే పని. రెండు రాగి అణువుల మధ్య ఒక ఆక్సిజన్‌ని పట్టుకుంటుంది. పట్టుకున్నప్పుడు నీలం, వదిలేశాక రంగుండదు. రెండోది ఫినాలాక్సిడేజ్. దీంట్లోనూ అదే రాగి జంట, పని మాత్రం వేరు. రొయ్యకి దెబ్బ తగిలినా, పెంకులోంచి సూక్ష్మజీవి దూరినా, రక్తకణాల్లో నిద్రపోతున్న ఈ ఎంజైము మేలుకుని ఫినాల్స్‌ని క్వినోన్లుగా మారుస్తుంది. అవి ఒకదానికొకటి అతుక్కుని నల్లటి మెలనిన్ అవుతాయి. రొయ్య బతికున్నంతకాలం అది దాని రక్షణ. చచ్చాక ఆపేవాళ్ళు లేక అదే పని చేసుకుంటూ పోతుంది, మీ రేటు పోతుంది.

ఇప్పుడు మందుల సంగతి. మీ మెటా చేసే పనిలో ముఖ్యమైనది ఎంజైముని కట్టెయ్యడం కాదు. తయారైన క్వినోన్‌ని సల్ఫైట్ పట్టుకుని రంగులేనిదాన్ని చేసేస్తుంది. ఎంజైముని కూడా కొంత పాడుచేస్తుంది, కానీ సల్ఫైట్ ఖర్చయిపోతూ ఉంటుంది. అయిపోయాక మిగిలిన ఎంజైము మళ్ళీ మొదలెడుతుంది. ఐసు కరిగాక మళ్ళీ నల్లబడిందని మీవాళ్ళు అనేది అందుకే. అలాగని గుప్పెళ్ళకొద్దీ వెయ్యడానికీ లేదు, అంతర్జాతీయ ఆహార ప్రమాణాల కోడెక్స్ ప్రకారం పచ్చి రొయ్య కండలో సల్ఫర్ డయాక్సైడ్ కిలోకి 100 మిల్లీగ్రాములు దాటకూడదు, ఉడికించినదాంట్లో 30. పైగా ఆ టబ్బుల మీద వంగి పనిచేసే ఆడవాళ్ళలో ఉబ్బసం ఉన్నవాళ్ళుంటే ఆ వాసనకే ఊపిరాడదు. గాలి ఆడే చోట పెట్టించండి.

4-హెక్సైల్‌రిసార్సినాల్ అని ఇంకోటుంది, మీకు తెలిసే ఉంటుంది. అది అసలైన నిరోధకం. ఎంజైము పనిచేసే ఫినాల్ లాగానే ఉండి, దాని చోట్లో వెళ్ళి కూర్చుంటుంది. అందుకే చాలా తక్కువ చాలు, యూరప్‌లో మిగులు కిలోకి 2 మిల్లీగ్రాములకే ఒప్పుకుంటారు. జపాన్‌వాళ్ళు సాకేకి వాడే బూజులోంచి వచ్చే కోజిక్ ఆమ్లం రాగినే పట్టుకుంటుంది. పరిశోధనల్లో రొయ్య రక్తం సిరంజిలో నల్లబడకుండా ఫినైల్ థయోయూరియా వేస్తారు. ఇదే రకం రాగి జంట ఉన్న చిలగడదుంప ఎంజైములో, ఆ రెండు రాగుల మధ్యా దాని గంధకం వంతెనలా కూర్చున్నట్టు 1998లో స్ఫటికం తీసి చూపించారు. అది విషం కాబట్టి ల్యాబుకే పరిమితం.

చూశారా, ఈ మూడు రకాలూ నలుపునే ఆపుతాయి. ఒకటి తయారైన క్వినోన్‌ని మాయం చేస్తుంది, ఒకటి ఫినాల్ వేషం వేసుకుని వస్తుంది, ఒకటి నేరుగా రాగిని పట్టుకుంటుంది. ఏది ఎక్కడ కూర్చుంటుందో చూడకుండా రాగి ఎంజైమంటే ఈ మందు అని చెప్పేవాళ్ళ మాట వినకండి.

మీ ఎక్స్‌పోర్టువాళ్ళు భయపడేదే ఇంకో పేరు చెప్తాను, సెమీకార్బజైడ్. నైట్రోఫ్యూరజోన్ అనే నిషేధించిన యాంటీబయాటిక్ వాడారా లేదా అని యూరప్‌వాళ్ళు వెతికేది దీన్నే, ఇప్పుడు కిలోకి 0.5 మైక్రోగ్రాము దగ్గరే కంటైనర్ ఆపుతారు. ఇదే సెమీకార్బజైడ్ మన రక్తంలోని ఇంకో రాగి ఎంజైముకి, అంటే ప్లాస్మా అమీన్ ఆక్సిడేజ్‌కి, పాఠాల్లో చెప్పే నిరోధకం. తమాషా ఏమిటంటే రాగి పక్కనే ఉన్నా అది రాగిని ముట్టుకోదు. ఆ ఎంజైము తన సొంత టైరోసిన్ ఒకదాన్ని మార్చుకుని టోపాక్వినోన్ అనేదాన్ని తయారుచేసుకుంటుంది, ఆ మార్పుకి రాగి కావాలి. సెమీకార్బజైడ్ వెళ్ళి ఆ టోపాక్వినోన్‌కి అతుక్కుంటుంది. బీపీకి ఇచ్చే హైడ్రలజీన్ కూడా ఈ ఎంజైముని ఆపగలదు. ఆ టోపాక్వినోన్‌ని ఆవు సీరంలోని ఎంజైములో 1990లో కనిపెట్టారు, క్లిన్‌మన్ అనే ఆవిడ ల్యాబులో. అంతకుముందు అక్కడున్నదేమిటో తప్పుగా అనుకుంటూ ఏళ్ళు గడిపారు.

భీమవరం ప్లాంటు:

ఆయ్, సూపర్‌వైజరు చదివాడండి. లెక్కల కాగితం చింపేశాడు. మా షెడ్డులో ఉన్న మెటా టబ్బు కూడా బయటికి తీయిస్తున్నాం.

యానాం ఫార్మసీ:

మేడం, నేను డీఫార్మసీ చదువుతున్నాను. విల్సన్ వ్యాధికి ఇచ్చే పెన్సిలమిన్ కూడా ఇలాంటి ఇన్హిబిటరేనా? మా నోట్సులో రాగి ఎంజైముల నిరోధకాలు అని ఒకే హెడ్డింగు కింద అన్నీ రాసేశారు.

కాకినాడ టీచరమ్మ:

ఆ నోట్సు రాసినవాళ్ళకి నా నమస్కారం. పెన్సిలమిన్ రాగిని పట్టుకుని మూత్రంలోకి తీసుకుపోయేది. వాల్షే 1956లో దాన్ని విల్సన్ వ్యాధికి వాడాడు. ఎంజైములో బిగించి ఉన్న రాగి దగ్గరకెళ్ళి కూర్చోవడం దాని పని కాదు, ఒంట్లో వదులుగా పేరుకుపోయిన రాగిని ఊడ్చడం. జింకు ఇచ్చేది ఇంకోరకం, పేగు కణాల్లో రాగిని పట్టి ఉంచే మెటలోథయోనీన్ అనే ప్రోటీన్‌ని పెంచి రాగి లోపలికే రాకుండా చేస్తుంది. టెట్రాథయోమాలిబ్డేట్ రక్తంలో రాగినీ ఆల్బుమిన్‌నీ కలిపి మూటకట్టేస్తుంది.

రాగిని ఎంజైములోంచి నిజంగా లాగేసేవీ ఉన్నాయి. మద్యం మానడానికి ఇచ్చే డైసల్ఫిరామ్ ఒంట్లో డైఇథైల్‌డైథయోకార్బమేట్‌గా మారుతుంది. అది డోపమీన్ బీటా హైడ్రాక్సిలేజ్ అనే రాగి ఎంజైముని ఆపుతుంది. ల్యాబులో ఎర్రకణాల సూపరాక్సైడ్ డిస్మ్యుటేజ్ రాగిని పీకడానికి కూడా అదే వాడతారు. ఈ డిస్మ్యుటేజ్‌ని 1969లో మెక్‌కార్డ్, ఫ్రిడోవిచ్ ఆవు రక్తంలోంచే పట్టుకున్నారు. దాన్ని సయనైడ్ ఆపుతుంది, మాంగనీసు ఉన్న దాని అన్నదమ్ముడిని ఆపలేదు. ఏది ఎంత ఉందో విడగొట్టడానికి ఆ తేడానే వాడుకుంటారు. నీ నోట్సులో ఆ హెడ్డింగు కొట్టేసి రాగిని ఒంట్లోంచి తీసేవి, ఎంజైములోంచి పీకేవి, అడ్డం కూర్చునేవి అని విడగొట్టుకుని రాసుకో అమ్మా.

అమలాపురం ల్యాబ్ కుర్రాడు:

మేడంగారండి, చేశాను. నా సీరం, బఫర్ కలిపినది సరిగ్గా సగానికి దగ్గరగా వచ్చింది. నా సీరం, కంట్రోల్ కలిపినది బ్లాంక్‌లాగే ఉంది, కంటితో చూసినా తెలిసిపోతోంది. సీసా లేబుల్ అంచున ప్రిజర్వేటివ్ అని అజైడే రాసి ఉంది, 0.1 శాతం కంటే తక్కువ అని. మా ఓనరుగారు రెండు ట్యూబులూ పక్కపక్కన పెట్టి ఫోటో తీయించారు.

ఇప్పుడు నాకు మూడు సందేహాలు మిగిలాయండి. అజైడ్ లేని కంట్రోల్ ఎక్కడ తేవాలి? పేషెంటు రక్తం ఏ ట్యూబులో తీయాలి? టెస్టయ్యాక ఆ అజైడ్ నీళ్ళు సింకులో పోసెయ్యొచ్చా? ఇన్నాళ్ళూ పోస్తున్నాం.

కాకినాడ టీచరమ్మ:

బాగుంది. మూడోదాంతో మొదలెడతాను, అది ఆగదు కాబట్టి. సింకులో పొయ్యకు. అజైడ్ రాగి పైపులతోనూ, సీసం పైపులతోనూ కలిసి లోహ అజైడ్లు కడుతుంది, అవి ఎండితే తాకిడికే పేలతాయి. యాసిడ్ కలిస్తే హైడ్రజోయిక్ ఆమ్లం అనే విషవాయువు లేస్తుంది. కాబట్టి యాసిడ్ వాడే టెస్టుల వ్యర్థాలతో కలపకు. వేరే ప్లాస్టిక్ డబ్బాలో పట్టి, పేరు రాసి, మీ వ్యర్థాలు పట్టుకెళ్ళే ఏజెన్సీకి రసాయనమని చెప్పి ఇవ్వు. ఇప్పటిదాకా పోసిన సింకు పైపు ఏమిటో చూడు. పీవీసీ అయితే సరే, నీళ్ళు ధారాళంగా వదిలి కడిగెయ్. పాత లోహపు పైపయితే ప్లంబరు విప్పేముందు సంగతి చెప్పండి.

కంట్రోల్ నువ్వే తయారుచేసుకో. హెపటైటిస్, హెచ్ఐవీ టెస్టులు నెగటివ్ వచ్చిన మిగులు సీరాలు కలిపి పూల్ చెయ్యి. కామెర్ల పసుపు ఉన్నవీ, ఎర్రకణాలు పగిలి ఎర్రగా అయినవీ (హీమోలైజ్) వద్దు. చిన్న ట్యూబుల్లో పోసి మైనస్ 20లో పెట్టు, రోజుకొకటి తీసి వాడెయ్, కరిగినదాన్ని మళ్ళీ గడ్డకట్టించకు. ప్రిజర్వేటివ్ ఏదీ వెయ్యకు. పూల్‌లోంచి ఒక వంతు హైదరాబాద్ ల్యాబుకి పంపి వాళ్ళ విలువ తెప్పించుకో. వాళ్ళది యాంటీబాడీ పద్ధతి, నీది పని కొలిచే పద్ధతి కాబట్టి అంకెలు అచ్చు ఒకటే రావు. రాగి ఎక్కని ఉత్త ప్రోటీన్‌ని కూడా యాంటీబాడీ లెక్కేస్తుంది. విల్సన్ పిల్లల్లో ఆ ఉత్తదే మిగులుతుంది, కాలేయంలో ప్రోటీన్‌లోకి రాగిని ఎక్కించే ఏటీపీ7బీ అనే పంపు చెడిపోయి ఉంటుంది కదా. అందుకే వాళ్ళ విషయంలో నీ పాత పద్ధతే నిజానికి దగ్గర. దాన్ని చులకనగా చూసేవాళ్ళుంటే ఈ మాట చెప్పు.

రక్తం ఏమీ కలపని ఎర్రమూత ట్యూబులోనే తియ్యి. షుగర్ కోసం తీసిన బూడిదరంగు మూత ట్యూబులో మిగిలింది కదా అని దాంతో చెయ్యకు, అందులో ఫ్లోరైడ్, ఆక్సలేట్ ఉంటాయి.

మామూలుగా డెసీలీటరుకి 20 నుంచి 40 మిల్లీగ్రాములు అంటారు. నెలల పిల్లల్లో సహజంగానే తక్కువుంటుంది. జ్వరం, వాపు, గర్భం ఉన్నప్పుడు పెరుగుతుంది, విల్సన్ ఉన్నవాళ్ళలోనూ పెరిగి మామూలుగా కనపడొచ్చు. కాబట్టి రిపోర్టు కింద ఏ పద్ధతో తప్పకుండా రాయి. మిగతాది, కంట్లో రింగు చూడ్డం, 24 గంటల మూత్రంలో రాగి చూడ్డం, ఇవన్నీ డాక్టరుగారు చూసుకుంటారు.

ఇంకొకటి. పీపీడీ అంటే జుట్టుకి వేసే రంగులో ఉండేదే. గ్లవ్స్ లేకుండా ముట్టుకోకు, కొందరికి చర్మం పొంగిపోతుంది. ద్రావణం ఎప్పటికప్పుడు కలుపుకో. తెల్లగా ఉండాల్సినది గోధుమరంగుకి తిరిగితే పారబోసెయ్, బ్లాంక్ పెరిగిపోతుంది. ఫిల్టర్ 546తో పర్వాలేదు, కాకపోతే కంట్రోల్‌కీ పేషెంటుకీ అదే వాడు.